చరిత్ర శాఖకు ఎన్ని లిపులు వచ్చు?

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో తేదీ ఇలా ఉంటుంది: శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. దీన్ని క్రీస్తుశకంలోకి మార్చమని ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని అడిగితే, చాలామంది 1084కు 78 కలిపి 1162 అని చెప్తారు. తప్పు. శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది కాబట్టి మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు ఏడాది మారిపోయి ఉంటుంది. అక్కడ కలపాల్సింది 79. వడ్డవారమంటే శనివారమని తెలిసినవాళ్లకు లెక్క సరిచూసుకునే దారి ఇంకొకటి దొరుకుతుంది. 1163 జనవరి 19 అని తేలాక, ఆ రోజు శనివారమే అయిందో లేదో చూస్తే చాలు. అయింది.

ఈ లెక్క పది నిమిషాల పని. నేర్పేవాళ్లు ఉంటే ఒక పూటలో వస్తుంది. లేకపోతే పీహెచ్‌డీ పట్టా వచ్చినా రాదు. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర శాఖ ఎదుగుదల గురించి మాట్లాడినప్పుడల్లా సీట్లు ఎన్ని, పీహెచ్‌డీలు ఎన్ని, సెమినార్లు ఎన్ని అని లెక్క చెప్తారు. విద్యాసంస్థలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఆ పట్టికలు కావాలి, నిజమే. కానీ వరంగల్ లాంటి చోట శాఖ బలం తెలుసుకోవాలంటే అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ శాఖలో కూర్చున్నవాళ్లు, వాళ్ల దగ్గర చదివినవాళ్లు ఎన్ని లిపులు చదవగలరు?

ఉత్తర తెలంగాణలో పనిచేసేవాళ్లకు కనీసం నాలుగు అవసరం. శాతవాహనుల నాటి కోటిలింగాల నాణేల మీది చిముక, గోభద, సమగోప లాంటి పేర్లకు బ్రాహ్మి. కురిక్యాల బొమ్మలగుట్ట మీది పదో శతాబ్దపు జినవల్లభుని కంద పద్యాల నుంచి కాకతీయుల దాకా పాత తెలుగు-కన్నడ లిపి. అక్కడక్కడ సంస్కృత శాసనాలకు నాగరి. నిజాం కాలపు కాగితాలకు ఫార్సీ లిపి, అదీ గొలుసుకట్టు షికస్తా రాత. ఒక్క మనిషికి నాలుగూ రానక్కర్లేదు. ఒక శాఖకు మాత్రం రావాలి.

మన చరిత్ర పరిశోధన విశ్వవిద్యాలయంలో పుట్టలేదన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1922లో హైదరాబాద్‌లో మొదలైన పరిశోధక సంఘం, కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పోయాక ఆయన పేరుతో లక్ష్మణరాయ పరిశోధక మండలిగా మారి, 1935లో తెలంగాణ శాసనములు సంపుటిని అచ్చు వేయించింది. ఇంకోవైపు 1914లో గులాం యజ్దానీ నేతృత్వంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ పని మొదలుపెట్టింది. ఉస్మానియా వచ్చింది 1918లో, అదీ ఉర్దూ మాధ్యమంలో. ఓరుగల్లుకు ముందు ఉస్మానియా పీజీ కేంద్రం, ఆ తర్వాత 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. అప్పటికే వరంగల్, కరీంనగర్ జిల్లాల శాసన సంపుటాలు 1974లో ప్రభుత్వం తరఫున అచ్చయి ఉన్నాయి. కాకతీయుల మీద ఇప్పటికీ అందరూ తిరగేసే గ్రంథం 1978లో వచ్చింది. రాసింది పి.వి. పరబ్రహ్మశాస్త్రి, పురావస్తు శాఖ మనిషి. ఆ తర్వాత కరీంనగర్‌లో ఇంకో విశ్వవిద్యాలయానికి శాతవాహనుల పేరు పెట్టుకున్నాం. ఆ శాతవాహనులను కోటిలింగాలలో తవ్వి తీసింది కూడా పురావస్తు శాఖే. పేర్లు పెట్టడంలో మనం ఎప్పుడూ ముందే.

అంటే విశ్వవిద్యాలయ శాఖలు వచ్చేనాటికి ముడిసరుకు చాలావరకు పోగై ఉంది. దాన్ని చదివి, తిరగరాసి, సరిదిద్దే పని శాఖలది. చందుపట్ల శాసనమే చూడండి. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని పాత పుస్తకాలన్నీ రాశాయి. నకిరేకల్ పక్కన చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన శాసనం దొరికింది. రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జునునికీ శివలోకప్రాప్తి కలగాలని చేసిన దానం అందులో ఉంది. శకం 1211, విరోధి సంవత్సరం, మార్గశిరం. అంటే 1289 నవంబరు. ఒక ఊరి రాయి పాఠ్యపుస్తకంలో తేదీని ఆరేళ్లు వెనక్కి జరిపింది. బయ్యారం చెరువు కట్ట శాసనం కూడా అంతే. గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన ఆ శాసనం దొరికాకే, వెన్న మొదలు కాకతీయుల పూర్వీకుల వరస తెలిసింది.

ఇలాంటివి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. దొరికిన రాయి నుంచి పాఠం ఎలా తీస్తారన్నది శాఖలో ప్రతి విద్యార్థీ చేతులతో చేసి నేర్వాల్సిన పని. ముందు రాయిని మెత్తని కొబ్బరిపీచు బ్రష్‌తో, మంచినీళ్లతో కడగాలి. ఇనుప బ్రష్, యాసిడ్ పనికిరావు. పలచగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం తడిపి, రాయి మీద పరిచి, నడుమ నుంచి అంచులకు గాలి బుడగలు పోయేలా సవరించాలి. దళసరి కుచ్చు బ్రష్‌తో కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేదాకా నిటారుగా కొట్టాలి, అడ్డంగా రుద్దకూడదు. కాగితం సగం ఆరాక, గుడ్డ చుట్టిన మెత్తకు సిరా అంటించి, మొదట వేరే పలక మీద అద్ది అదనపు సిరా పోగొట్టి, అప్పుడు తేలిగ్గా అద్దుకుంటూ పోవాలి. రాతి ముఖం నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. ఈ కాగితమే శాసనం అచ్చు.

ఇందులో చెడిపోయేది దాదాపు ఎప్పుడూ తడి దగ్గరే. కాగితం పచ్చిగా ఉన్నప్పుడే తొందరపడితే సిరా గుంటల్లోకి పాకి అక్షరం మూసుకుపోతుంది, రాయికి కూడా మరక అంటుతుంది. బాగా ఆరనిస్తే గాలికి కాగితం లేచిపోయి, రెండోసారి అద్దినప్పుడు అక్షరాలు జంటగా పడతాయి. ఎండాకాలం మన దగ్గర పొద్దున తొమ్మిది దాటితే ఈ పని సాగదు. ఇక అచ్చు వెనకాల ఊరు, రాయి ఎక్కడుంది, ఏ ముఖం, ఎన్ని పంక్తులు, ఏ రోజు తీశారు అన్నది అక్కడికక్కడే రాయకపోతే, బీరువాలో చేరిన ఏడాదికి అది ఏ ఊరిదో చెప్పేవాళ్లు ఉండరు.

సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని అడగొచ్చు. ఫోటో తీయాల్సిందే, కానీ మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి తీసిన ఫోటోలో అరిగిన అక్షరం కనిపించదు. పొద్దుగూకాక రాయికి ఒక పక్క నుంచి టార్చి వెలుగు అడ్డంగా పడేలా పట్టి, వెలుగు దిక్కు మారుస్తూ నాలుగైదు తీయాలి. కనపడాలని సుద్దపొడి, పిండి రుద్దే అలవాటు మాత్రం మానాలి. ఆ పొడి గుంటల్లో ఉండిపోతుంది, లేని గీతలను కూడా అక్షరంలా చూపిస్తుంది. రక్షిత కట్టడాల్లో ముందు అనుమతి లేకుండా రాయిని తాకకూడదు. పొలంలో నాణెం దొరికితే అదీ జేబులో వేసుకునే వస్తువు కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలి. కోటిలింగాల వైపు క్షేత్ర పర్యటనకు తీసుకెళ్లే ముందు విద్యార్థులకు చెప్పాల్సిన మొదటి పాఠం ఇది.

పాత సంపుటాలు వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. 1974 పుస్తకంలో ఊర్లకు పాత తాలూకాల పేర్లే ఉంటాయి. 1985లో మండలాలు వచ్చాయి, 2016లో జిల్లాలు విడిపోయాయి. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరేడు జిల్లాల్లో ఉంది. ప్రతి శాసనం ఇప్పుడు ఏ మండలంలో ఉంది, రాయి ఉన్నచోటే ఉందా, ఎవరి ఇంటి ముందో బట్టలుతికే బండ అయిందా, గుడి బాగుచేసేటప్పుడు ఎనామిల్ రంగు కింద పోయిందా అని ఊరూరా తిరిగి చూసే పని ఒక్కటే పది మంది ఎం.ఏ. విద్యార్థుల ప్రాజెక్టులకు సరిపోతుంది. ఉన్న పుస్తకాల నుంచి ఇంకో ప్రాజెక్టు ఎత్తిరాయడం కంటే ఇది నయం.

అసలు లోటు ఉర్దూ, ఫార్సీలది. 1310లో ఓరుగల్లు ముట్టడి గురించి అమీర్ ఖుస్రో రాసింది మన విద్యార్థులు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిషు అనువాదం నుంచే ఎత్తి రాస్తారు. అది పోనీ. 1948 వరకు ఈ జిల్లాల పాలనంతా ఉర్దూలో నడిచింది. సేత్వార్, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ లాంటి రెవెన్యూ రికార్డుల్లో ఏ కులం చేతిలో ఎంత భూమి ఉంది, ఎవరు ఎప్పుడు పోగొట్టుకున్నారు అన్న కథ ఉంది. సాయుధ పోరాటం మీద చదివే పేపర్లలో భూమి గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఆ భూమి కాగితం చదవగలిగేవాళ్లు మాత్రం అరుదు.

చదవడంలో కష్టాలు తేదీలతోనే మొదలవుతాయి. నిజాం సర్కారు రెవెన్యూ లెక్కలకు వాడిన ఫస్లీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. అందుకే క్రీస్తుశకంలోకి మార్చాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫస్లీకి 590, మిగతా నెలలకు 591 కలపాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటి కాగితం మీద ఉండేది 1357 ఫస్లీ, 1358 కాదు. మద్రాసు వైపు జూలైలో మొదలయ్యే ఫస్లీ వేరు. ఆ పట్టికతో ఇక్కడి కాగితం చూస్తే ఏడాది తారుమారవుతుంది. పాత లెక్కల్లో సియాఖ్ అంకెలుంటాయి, అవి మామూలు ఉర్దూ అంకెల్లా ఉండవు. షికస్తాలో చుక్కలు సగం పెట్టరు.

ఇక్కడ మన పిల్లలకు ఒక అనుకూలం ఉంది, దాన్ని ఎవరూ గుర్తించరు. ఉర్దూ లిపిలో ఇ, ఈ, ఎ, ఏ నాలుగూ కలిసిపోతాయి. ఉ, ఊ, ఒ, ఓ కూడా అంతే. ళ లేదు, ణ లేదు. ఊరి పేరు, మనిషి పేరు, చెరువు పేరు రాసినప్పుడు లఖ్నో నుంచి వచ్చిన పండితుడు తడబడతాడు. ఏ మండలంలో ఏ ఊరుందో, ఏ ఇంటిపేరు ఏ కులానిదో తెలిసిన పల్లెటూరి విద్యార్థి ఆరు నెలలు లిపి నేర్చుకుంటే పేరును ఇట్టే పట్టుకుంటాడు. ఈ పనికి చరిత్ర శాఖ, ఉర్దూ శాఖ కలిసి నడిపే ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చాలు. భూమి తగాదాల్లో ఉర్దూ కాగితం చదివించుకోవడానికి జనం తిరుగుతూనే ఉన్నారు కాబట్టి, చదివినవాళ్లకు బతుకుదెరువు కూడా ఉంటుంది.

నేర్పేదెవరన్న ప్రశ్న వస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దానికి పైగా రెగ్యులర్ నియామకాలు లేవు. రిటైరైనవాళ్ల కుర్చీలో కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు కూర్చుని క్లాసులు నడుపుతున్నారు. క్లాసు చెప్పడానికి వాళ్లు సరిపోతారు, చాలామంది బాగా చెప్తారు కూడా. కానీ శాసన లిపి లాంటి విద్య పదేళ్లు ఒకరి వెంట తిరిగితే వచ్చేది. గురువు రిటైరయ్యాక శిష్యుణ్ణి వేస్తే ఆ విద్య చేతులు మారదు. ఇద్దరూ మూడు నాలుగేళ్లు ఒకే గదిలో ఉండాలి. ఖాళీ భర్తీ చేసేటప్పుడు కూడా ఆధునిక భారతదేశం, ప్రాచీన భారతదేశం అని కాకుండా శాసన లిపి, ఫార్సీ రికార్డులు అని నోటిఫికేషన్‌లోనే రాస్తే తప్ప ఆ మనుషులు రారు.

విద్యార్థి కోణం కూడా తెలుసుకోవాలి. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎం.ఏ. చరిత్రలో చేరేవాళ్లలో చాలామంది చూపు గ్రూప్స్ మీదే. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, నాలుగోది మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. హాస్టలు, లైబ్రరీ కోసం చేరారని వాళ్లను తప్పుపట్టడం పెద్దరికం కాదు. పరీక్షకు 1163 అన్న జవాబు చాలు, 78 కలపాలా 79 కలపాలా అన్నది అక్కర్లేదు. అందుకే ఈ పద్ధతులను ఐచ్ఛికంగా పెడితే ఎవరూ తీసుకోరు. రెండో సెమిస్టర్‌లో నాలుగు క్రెడిట్లతో తప్పనిసరి చేసి, ఇంటర్నల్ మార్కులు రాతపరీక్షకు కాకుండా తీసిన అచ్చుకు, చదివిన కాగితానికి ఇవ్వాలి.

పర్యాటకం సంగతి రెండు మాటల్లో. కాకతీయలో చరిత్ర, టూరిజం ఒకే శాఖ కింద ఉండడం మంచిదే. 2021లో రామప్ప యునెస్కో జాబితాకెక్కాక గైడ్ల అవసరం పెరిగింది. అక్కడ గైడ్ చెప్పాల్సింది 1213 శాసనంలో రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడని ఉందని. శిల్పి రామప్ప పేరు జనంలో ఉన్న మాట. రెండూ చెప్పొచ్చు, ఏది శాసనమో ఏది వినికిడో విడదీసి చెప్పాలి.

చివరగా మౌఖిక చరిత్ర. 1946 జూలై 4న కడవెండిలో సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య చనిపోయిన నాటికి పదిహేనేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. 1934లో వరంగల్‌లో పెట్టిన ఆజంజాహి మిల్లులో పనిచేసినవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. రికార్డు చేసేటప్పుడు ఏ సంవత్సరమని అడిగితే జవాబు రాదు. గత్తర (కలరా) వచ్చినప్పుడా, కరువు తర్వాతనా, పెద్దబిడ్డ పెండ్లికి ముందా అని అడిగితే వస్తుంది. మొదటి కూర్చోవడంలో సభల్లో విన్న మాటలే చెప్తారు. రెండోసారి, మూడోసారి పోతేనే సొంత ఇల్లు, కూలి, ఆకలి బయటికొస్తాయి. గంట రికార్డింగు రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది, అదీ వాళ్ల యాసలోనే రాయాలి, పుస్తక భాషలోకి దిద్దకూడదు. సిద్ధాంత వ్యాసం సమర్పించే రోజున ఆడియో ఫైళ్లు, సమ్మతి పత్రాలు, అచ్చులు శాఖ రిజిస్టరులో నంబరు వేసి అప్పగించాకే వైవా తేదీ ఇస్తామన్న ఒక్క షరతు పెట్టినా చాలు. ఇప్పుడైతే ఆ గొంతులు పరిశోధకుని పాత ఫోనులో ఉంటాయి, ఫోను మారినప్పుడు పోతాయి.