సెక్షన్ 28 ప్రకారం నేను దోషిని

2009 నాటి విద్యాహక్కు చట్టంలో ఒక పెద్ద లోపం ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పాలన్నారు. బాగానే ఉంది. పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని సెక్షన్ 17 పెట్టారు. అదీ బాగానే ఉంది. కానీ పిల్లలు తండ్రిని మానసికంగా వేధించకూడదని ఎక్కడా రాయలేదు. ఈ చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. తేదీ చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నేను గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల సారుని. క్లాసులో నలభై మందిని కంటిచూపుతో కూర్చోబెడతాను. ఇంట్లో ఉన్నది ఒక్కడు, ఏడో తరగతి. రాత్రి ఏడింటికి పుస్తకం తియ్యమంటే ముందు మంచినీళ్లు తాగొస్తాడు. తర్వాత పెన్సిల్ చెక్కుతాడు. అది వాడికి తపస్సు. పొట్టు తెగకుండా పువ్వులా వస్తే వంటింట్లోకి వెళ్లి వాళ్లమ్మకి చూపించి వస్తాడు. ఈలోగా ముల్లు విరుగుతుంది. మళ్లీ మంచినీళ్లు. తాగిన నీళ్లు ఊరుకోవు కదా, బాత్రూమ్.

పాఠ్యపుస్తకం తప్ప వాడు ఏదైనా చదువుతాడు. మా ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం టీవీ పక్కన పడేసిన పాపానికి అదీ చదివాడు.

"నాన్నా, సెక్షన్ 28 ప్రకారం టీచర్లు ప్రైవేటుగా ట్యూషన్ చెప్పకూడదట. మరి నువ్వు టీచర్‌వే కదా?"

"ఇది ట్యూషన్ ఎలా అవుతుందిరా? నీ దగ్గర ఫీజు తీసుకుంటున్నానా?"

"ఫీజు సంగతి అందులో లేదు."

నిజమే, లేదు. వాడు పడుకున్నాక తీసి చూశాను.

ఇక బారువడ్డీ పాఠం. అసలు 5,000, వడ్డీ ఏడాదికి 8 శాతం, కాలం మూడేళ్లు. "అంత తక్కువకి ఎవరిచ్చారు నాన్నా?" అన్నాడు. "నోటు రాయించుకున్నారా?" అనీ అడిగాడు. పీటీఆర్ బై 100 అని మాత్రం వాడి చేత రాయించలేకపోయాను.

దీనికి మూలం మా అమ్మ. వీధిలో నలుగురికి అప్పులిస్తుంది. రెండు రూపాయల వడ్డీ, అంటే పుస్తకాల భాషలో ఏడాదికి 24 శాతం. ఆవిడ పద్దులు చూసేది వీడే. మొన్న పాలాయన 40,000 తిరిగివ్వడానికి వచ్చాడు. తీసుకుని ఐదు నెలల పన్నెండు రోజులైంది. మా వాడు టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నెలకి ఎనిమిదొందలు. ఐదు నెలలకి నాలుగు వేలు. పన్నెండు రోజులకి మూడొందల ఇరవై. మొత్తం నాలుగు వేల మూడొందల ఇరవై." ఆ ఇరవై వదిలెయ్ బాబూ అన్నాడు పాలాయన. వదిలేస్తే రేపు పొద్దున అర లీటరు ఎక్కువ పొయ్యాలని బేరం పెట్టాడు వీడు. పోశాడు కూడా.

పాఠం పిల్లల అనుభవంలోంచి మొదలుపెట్టాలని మాకు ప్రతి ట్రైనింగులోనూ చెబుతారు. నేనూ విద్యావేత్తనే కదా, నిన్న రాత్రి నానమ్మ పద్దు పుస్తకమే తెమ్మన్నాను. మంచినీళ్లు అడగలేదు, పెన్సిల్ ముట్టుకోలేదు. బుద్ధిగా వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నా బోధన ఫలించిందని వంటింటి వైపు గర్వంగా చూశాను.

"ఈ లెక్క చేద్దాం నాన్నా. అసలు 25,000. సరిగ్గా మూడేళ్లు. నెలకి ఐదొందల చొప్పున ముప్పై ఆరు నెలలకి 18,000. అసలూ వడ్డీ కలిపి 43,000."

"శభాష్. ఎవరిదిరా ఆ పద్దు?"

వాడు పుస్తకం నా వైపు తిప్పాడు. మా అమ్మ వంకర రాతలో 'పెద్దోడు, బండికి' అని ఉంది.

"స్టెప్పులు కూడా రాయమంటావా?"

నాకు ఎందుకో ఉన్నట్టుండి దాహం వేసింది. మంచినీళ్లు తాగొస్తానని లేచాను.