ఇలా ఇవ్వమ్మా, దాచిపెడతాను

హైదరాబాదులో చిన్నపిల్లల చేతికొచ్చిన డబ్బు ఆ చేతిలో ఎంతసేపు ఉంటుందన్నది, ఫంక్షన్ హాల్లో వాళ్ళమ్మ ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. భోజనాల దగ్గరుంటే నాలుగైదు నిమిషాలు. స్టేజీ పక్కనే ఉంటే నోటు మడత విప్పేంత వ్యవధి కూడా దొరకదు. "ఇలా ఇవ్వమ్మా, దాచిపెడతాను" అన్న ఒక్క మాటతో వ్యవహారం పూర్తవుతుంది. రసీదు ఉండదు, సాక్షి ఉండడు, వడ్డీ ఊసుండదు. రంజాన్ పండగనాడు పాతబస్తీలో ఈదీ, అంటే పెద్దలిచ్చే పండగ డబ్బు, అందుకున్న పిల్లలూ ఇదే మాట దక్కనీ ఉర్దూలో వింటారు. గంగా జమునీ తెహజీబ్ అనే హిందూ ముస్లిం కలగలుపు సంస్కృతి గురించి వ్యాసాలు రాసేవారు ఈ సంగతి ఎందుకో వదిలేస్తున్నారు.

ఇంత పెద్ద వ్యవస్థ నోటిమాట మీద నడవడం క్షేమం కాదు. తల్లిదండ్రులకు ఒక పద్ధతంటూ ఉండాలి.

ముందు ఆదాయం చూద్దాం. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టడం, మొదటి పుట్టినరోజు, అక్షరాభ్యాసం, ఆ తర్వాత ఓణీలో పంచెలో. నిండా పదమూడేళ్ళు రాకుండా ఏడు వసూళ్ళు. వీటిలో అన్నప్రాశనది ప్రత్యేకమైన స్థానం. పుస్తకం, కత్తి, బంగారం, పువ్వు, డబ్బు వరసగా పెడితే పిల్లాడు పాక్కుంటూ పోయి నోటు పట్టుకుంటాడు. "వ్యాపారం చేస్తాడు!" అని అందరూ చప్పట్లు కొడతారు. వాడు డబ్బు పట్టుకున్నందుకు ఇంట్లోవాళ్ళు సంతోషించడం అదే మొదలు, అదే ఆఖరు.

వీటికన్నా ప్రమాదకరమైంది మరొకటుంది. ఊరికి తిరుగు ప్రయాణమైన తాతయ్య, ఆటో ఎక్కబోతూ మనవడి జేబులో కుక్కే ఐదొందలు. దానికి కవరుండదు, పేరుండదు, ఏ పుస్తకంలోకీ ఎక్కదు. పిల్లాడికి మాత్రం జన్మంతా గుర్తుంటుంది.

కవర్లు విప్పేముందు చదివింపుల పుస్తకం తెరవాలి. గుండ్రంగా రాసే బాబాయిని కూర్చోబెట్టి పేరు, ఊరు, మొత్తం రాయించాలి. ఇక్కడ జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే. వట్టి "శ్రీను - 1116" అని రాస్తారు. తీరా చూస్తే చుట్టాల్లో నలుగురు శ్రీనులుంటారు. కాబట్టి కూకట్‌పల్లి శ్రీను, ఎల్బీనగర్ శ్రీను అని విడమరచి రాయించండి. ఫోన్‌పే చేసినవాళ్ళు పుస్తకంలోకి రారు. ఆ డబ్బు నేరుగా నాన్న ఖాతాలో పడి, సాయంత్రానికల్లా టెంట్‌హౌస్ వాడికి పోయి ఉంటుంది. ఆ రాత్రే ఫోన్‌లో వెతికి ఎక్కించకపోతే ఆ చుట్టం మన దృష్టిలో ఏమీ పెట్టనివాడుగా మిగిలిపోతాడు.

ఈ పుస్తకమే తల్లిదండ్రుల పక్షాన ప్రధాన సాక్ష్యం. "అదేమన్నా ఊరికే వచ్చిందా? వాళ్ళింట్లో ఫంక్షనైతే మనం తిరిగి పెట్టొద్దూ?" అన్నది వాళ్ళ వాదన. అబద్ధం కాదు. పదేళ్ళ కింద వచ్చిన 516కి ఇవాళ 516 పెడితే మొహం మాడ్చుకునే రోజులివి. ప్లేటు ఖర్చు చూసుకుని 1116 చేయాల్సిందే. అంటే పిల్లకి వచ్చింది కానుక కాదు, వడ్డీతో తీర్చాల్సిన చేబదులు. వాదనలో ఒక్కటే చిన్న చిల్లు. వచ్చింది పిల్ల పేరున, ఖర్చయింది ఇంటికి, తిరిగి వెళ్ళేది జీతంలోంచి. ఈ మూడు చోట్లా వెతికినా పిల్ల వాటా కింద తేలేది కవరు మీద అంటించిన రూపాయి బిళ్ళ ఒక్కటే.

ఇక వసూలు. మూడు నాలుగేళ్ళ వయసులో పని తేలిక. ఒక ఐదొందల నోటు తీసుకుని ఐదు రూపాయి బిళ్ళలు ఇస్తే, "ఒకటి ఇచ్చి ఐదు తెచ్చుకున్నా" అని పిల్లే మురిసిపోతుంది. ఆ వయసులో లెక్కపెట్టడం వస్తుంది, విలువ కట్టడం రాదు. లెక్కల పుస్తకంలో డబ్బు పాఠం వచ్చేదాకానే ఈ సౌకర్యం. ఆ తర్వాత కిడ్డీ బ్యాంకు కొనాలి. మట్టి హుండీ వద్దు, పగలగొడితేగాని డబ్బు రాదు, పగిలిన చప్పుడు పక్క గదిలోకి వినబడుతుంది. తాళమున్న రేకు డబ్బా మేలు. తాళంచెవి "పారేసుకుంటావు" అని అమ్మ పోపులపెట్టెలో ఉంటుంది. రాత్రి పదింటికి వచ్చిన డెలివరీ అబ్బాయికి చిల్లర కావాలన్నా, పొద్దున్నే గ్యాస్ బండ వచ్చినా ఈ డబ్బానే దిక్కు. తీసినప్పుడల్లా చీటీ రాసి అందులో వేయడం సత్సంప్రదాయం. కొన్నాళ్ళకి డబ్బా ఊపితే చప్పుడు రాదు, కాగితాలు గరగరలాడతాయి.

ఈ డబ్బాలు మరీ నమ్మకంగా పనిచేసినా చేటే. 2016 నవంబరు 8 రాత్రి పాత ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో పిల్లల హుండీలు హఠాత్తుగా నిండుగా బయటపడ్డాయి. పోపులపెట్టెలోంచి తీసిందంతా "పాప డబ్బులండీ" అయిపోయింది. కిందటి వారం దాకా పాప డబ్బులు అమ్మవి. ఆ వారం మాత్రం అమ్మ డబ్బులు పాపవి. 2023 మేలో రెండువేల నోటు ఉపసంహరించినప్పుడు పాపకి మళ్ళీ గిరాకీ వచ్చింది.

కాస్త పెద్ద మొత్తాలైతే కాలనీ చీటీలో వేయడం రివాజు. ఇరవై మంది, నెలకి ఐదేసి వేలు, లక్ష రూపాయల చీటీ. రిజిస్టరైన చిట్‌ఫండ్ అయితే నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతం మించకూడదని చట్టం చెబుతుంది. కాలనీ ఆంటీ చీటీకి చట్టం ఆంటీయే. సంక్రాంతి డబ్బు మాత్రం చీటీ దాకా రాదు. భోగినాడు భోగిపళ్ళతో పాటు పోసిన చిల్లరా, చుట్టాలిచ్చిన నోట్లూ ఫిబ్రవరి మధ్యకల్లా నాంపల్లిలో ఏటా పెట్టే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తేలతాయి. పిల్లకి జెయింట్ వీల్ ఒక రౌండు, అమ్మకి లక్నో చికన్ కుర్తాలు రెండు.

ఇంత పకడ్బందీగా ఉన్నా, కొందరు తల్లిదండ్రులకు నిజంగానే దాచాలన్న దుర్బుద్ధి పుడుతుంది. అది ఎలా ముదురుతుందో తెలిస్తే జాగ్రత్తపడొచ్చు.

ఆడపిల్లయితే పదేళ్ళు నిండకముందు పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరుస్తారు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర, పదిహేనేళ్ళు కట్టాలి. తెరిచిన 21 ఏళ్ళకి చేతికొస్తుంది. 2024 జనవరిలో వడ్డీని 8.2 శాతం చేశారు. మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. అదే రేటు సాగితే బారసాలలో వచ్చిన పదివేలు ఒక్కటే యాభై రెండు వేలు దాటుతుంది. రెండున్నర శాతం ఇచ్చే పొదుపు ఖాతాలో పడేస్తే అంతకాలానికీ పదిహేడు వేల లోపే. నెలలో అయిదో తేదీ దాటాక వేస్తే ఆ నెల వడ్డీ రాదు. ఏడాది కట్టడం మరిచిపోతే యాభై రూపాయల జరిమానాతో పునరుద్ధరించాలి. అన్నిటికన్నా ఘోరమైన సంగతి, పిల్లకి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకానో పదో తరగతి గట్టెక్కేదాకానో అందులోంచి పైసా తీయలేరు. కొత్త సోఫా, బైక్ ఈఎంఐ, మరదలి పెళ్ళి పట్టుచీర, ఇవేవీ ఆ ఖాతాకి అర్థం కావు. మగపిల్లాడి పేరున పీపీఎఫ్ అనే దీర్ఘకాలపు పొదుపు ఖాతా తెరవొచ్చు కానీ ఏడాది లక్షన్నర పరిమితి తండ్రీకొడుకులిద్దరికీ కలిపే.

దేవుడి దయవల్ల కాగితాలే సగంమందిని ఆపేస్తాయి. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరొకటి, ఇంట్లో పిలిచేది చిన్ని, జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీ. పేరు చేర్పించడానికి మీసేవకి వెళ్తే నాన్న ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, అమ్మ కాగితాల్లో పుట్టింటి పేరు. ఇవన్నీ సరిచేసేసరికి పిల్ల పదేళ్ళు దాటుతుంది, పీడ విరగడవుతుంది.

ఫిక్స్‌డ్ డిపాజిట్ వైపు మనసు పోతే ఆదాయపు పన్ను శాఖ ఆదుకుంటుంది. మైనరు పేరున వచ్చే వడ్డీని అమ్మానాన్నల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ళ ఆదాయంలో కలుపుతారు. పాత పన్ను విధానంలో పిల్లకి 1500 దాకా మినహాయింపు. అంటే పిల్లల డబ్బు నిజానికి పెద్దలదేనని కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కానుకల మాటకొస్తే మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని, తాతలు ఎంతిచ్చినా పన్నుండదు. తాతయ్య తమ్ముడు మాత్రం చట్టం దృష్టిలో పిల్లకి బంధువు కాడు. అలాంటివాళ్ళిచ్చింది ఏడాదిలో యాభై వేలు దాటితే మొత్తానికీ లెక్క చెప్పాలి. చిన్న తాతయ్యకి ఈ మాట చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు చెప్పండి.

గౌరవంగా తప్పించుకునే దారి బంగారం. లక్ష రూపాయల బంగారానికి 12 శాతం తరుగు అనుకుంటే పన్నెండు వేలు, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 3,360. బిల్లు 1,15,360. రేపు అమ్మబోతే తరుగూ జీఎస్టీ రెండూ రావు, రాళ్ళ బరువు తీసేస్తారు. పసిపిల్లల ఉంగరాలు రెండు గ్రాముల లోపుంటే హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, అమ్మేటప్పుడు స్వచ్ఛత మీద బేరం మొదలవుతుంది. దాచడమే ఉద్దేశమైతే తరుగు తక్కువుండే బిళ్ళ కొనాలి. కానీ బిళ్ళని మెళ్ళో వేసుకుని పెళ్ళికి వెళ్ళలేం. అందుకే మూడేళ్ళ పాప పేరున కొన్న గొలుసు ఇరవై నాలుగు అంగుళాలుంటుంది. పాప ఎదుగుతుందిగా. ఈలోపు అరిగిపోకుండా అమ్మ వేసుకుని చూస్తూ ఉంటుంది.

పిల్లలకి పదేళ్ళు వచ్చాక పరిస్థితి చేయిదాటొచ్చు. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని, ఎంతవరకన్నది బ్యాంకులు నిర్ణయించవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీయడం కుదరదట. ఇంట్లో ఉన్న పిల్లల ఖాతా మొదటిరోజు నుంచీ ఉన్నదానికన్నా ఎక్కువ తీస్తూనే నడుస్తోందని రిజర్వ్ బ్యాంకుకి తెలియదు.

ఆలోగా కవరు మీది రూపాయి బిళ్ళ సంగతి తేల్చాలి. అది న్యాయంగా పిల్లదే, ఇచ్చేయాల్సిందే. కాకపోతే గట్టిగా లాగితే కవరు చిరుగుతుంది, నీళ్ళలో నానబెడితే రంగు వెలుస్తుంది. వచ్చే ఆదివారం నాగోల్‌లో బారసాల ఉంది. కవరు మీద పేరు పెన్సిల్‌తోనే రాశారు, రబ్బరుతో తుడిస్తే పోతుంది.