లెక్క చూపని ఎన్నికల సర్వేలకు చోటెందుకు?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం 23 వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ దాదాపు అన్నే ఓట్లు పడితే దక్కినవి 11 సీట్లు. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కూ భారత రాష్ట్ర సమితికీ మధ్య ఓట్ల తేడా రెండు శాతం చుట్టూనే ఉంది. అయినా ఒకరు 64 చోట్ల, మరొకరు 39 చోట్ల గెలిచారు. సర్వే తెలుసుకోగలిగింది ఓట్ల శాతం. సీట్లు ఆ శాతం మీద కట్టిన అంచనా. ఆ అంచనా ఎలా కట్టారో చెప్పకుండా సీట్ల అంకెను పతాక శీర్షికగా వేయడం పాఠకుడిని తప్పుదారి పట్టించడమే.

ఎన్నికలను శ్రద్ధగా అధ్యయనం చేసేవారు మొదట అడిగేది ఎంతమందిని అడిగారని కాదు, వారిని ఎలా ఎంచుకున్నారని. ఢిల్లీలోని సామాజిక అధ్యయన సంస్థ సీఎస్‌డీఎస్ పరిశోధకులు 1960ల నుంచి ఓటరు తీరును పరిశీలిస్తున్నారు. వారి లోక్‌నీతి విభాగం అనుసరించే పద్ధతిలో నియోజకవర్గాలను, వాటిలో బూత్‌లను, ఆపై ఓటర్ల జాబితా నుంచి నిర్ణీత అంతరంలో పేర్లను ఎంపిక చేస్తారు. ఆ ఇంటికే వెళ్లి మాట్లాడతారు. ఎవరికి ఓటేశారో పైకి చెప్పించకుండా నమూనా బ్యాలెట్ మీద గుర్తు పెట్టించి పెట్టెలో వేయిస్తారు. దీనికి ఖర్చెక్కువ, సమయమూ ఎక్కువే. అందుకే చాలా సంస్థలు బస్టాండులోనో బూత్ బయటో దొరికినవారితో సరిపెట్టుకుంటాయి. అక్కడ మగవారు, చదువుకున్నవారు, ధైర్యంగా మాట్లాడేవారే ఎక్కువగా దొరుకుతారు. ఊళ్లో బలవంతులు నిలబడి చూస్తుంటే పేద కూలీ నిజం చెబుతుందని ఎలా అనుకోగలం?

ఈ లోటును తర్వాత లెక్కల్లో సరిచేశామంటారు. వెయ్యిమందిలో 500 మంది మహిళలు ఉండాల్సిన చోట 350 మందే దొరికితే, ఒక్కో మహిళ జవాబును 1.43 రెట్లుగా, ఒక్కో పురుషుడి జవాబును 0.77గా లెక్కిస్తారు. దొరకని మహిళలూ దొరికినవారిలాగే ఓటేసి ఉంటేనే ఈ సవరణ పనిచేస్తుంది. పొలం పనుల్లో ఉండి చిక్కనివారి మొగ్గు వేరైతే తప్పు తగ్గదు సరికదా, సరిచేశామన్న భరోసా ఒకటి అదనంగా వచ్చిపడుతుంది.

నమూనా (సర్వేలో అడిగేందుకు ఎంచుకున్నవారి) సైజు సంగతీ చూడాలి. సక్రమంగా ఎంచుకున్న వెయ్యిమంది నమూనాలో ఒక పార్టీ ఓట్ల శాతం మూడు పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. రెండు పార్టీల మధ్య తేడాలో పొరపాటు అంతకు దాదాపు రెట్టింపు. ఒకే బూత్‌లో పాతికమందిని అడిగితే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒక వాడలో వారి ఓటు తరచూ ఒకే వైపు ఉంటుంది. 175 నియోజకవర్గాలున్న రాష్ట్రంలో 5,000 మందిని అడిగారంటే సగటున నియోజకవర్గానికి సుమారు 29 మంది. ఆ బలంతో ‘ఫలానా చోట ఫలానావారు’ అని పేర్లు ప్రకటించడాన్ని సర్వే అనకూడదు.

2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకు 350కి పైగా సీట్లిచ్చాయి. వచ్చినవి 293. ఇన్ని సంస్థలు ఒకే వైపు పొరబడితే దాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం. ఎంపికలోనో, జవాబుల్లోనో, సీట్ల లెక్కలోనో ఉమ్మడి లోపం ఉండి ఉండాలి. అది ఎక్కడుందో బయటివారు తేల్చాలంటే వివరాలు చేతికి రావాలి.

ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ ఎగ్జిట్ పోల్స్‌ను ఎప్పుడు ప్రచురించకూడదో చెబుతుంది. ఎలా చేయాలో చెప్పదు. ప్రెస్ కౌన్సిల్ మాత్రం 1996లోనే పత్రికలకు స్పష్టంగా సూచించింది: సర్వే చేసిందెవరు, చేయించిందెవరు, నమూనా ఎంత, ఎలా ఎంచుకున్నారు, పొరపాటుకు అవకాశమెంత అన్నవి ప్రముఖంగా చెప్పాలి. వీటికి సర్వే జరిగిన తేదీలు, అడిగిన ప్రశ్న యథాతథంగా, ఓట్లను సీట్లుగా మార్చిన పద్ధతి కూడా చేర్చాలని మేం కోరుతున్నాం. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సర్వేను ఏ పత్రికా, ఏ చానలూ తీసుకోకూడదు. ఫలితాలు వెలువడ్డాక ఓటర్ల పేర్లు, చిరునామాలు తొలగించి ముడి సమాచారాన్ని విశ్వవిద్యాలయాల రాజనీతిశాస్త్ర విభాగాలకు అందజేయాలి. డబ్బిచ్చి సర్వే చేయించే మీడియా సంస్థలు ఒప్పందంలోనే ఈ షరతు రాయించుకోవాలి.