కోకిల పొడిచిన కేసు

తిరుచానూరు రోడ్డులో రంగు వెయ్యని స్పీడుబ్రేకరు, ఆటోలో వెనక సీటు, నేను. అంతే, మర్నాటికి కూర్చోలేక ఆస్పత్రికి పోయినాను. టోకెను, క్యూ, చెమట అన్నీ మామూలే.

కిటికీ వెనకాల కంప్యూటరు పిల్ల తలెత్తకుండానే "యాడ నొప్పి?" అనింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. క్యూలో నా వెనక నిలబడింది ఎవరో కాదు, మావాడికి పిల్లనిస్తామని పోయిన వారమే కబురు పంపిన పెద్దావిడ. ఆవిడ చెవిన పడేట్టు ఆ చోటు పేరు ఎట్లా అనేది? "తోకెముక" అన్నాను సన్నగా. ఆవిడ చెయ్యి పట్టుకున్న మనవడు "అవ్వా, ఆ తాతకి తోక ఉండాదా?" అన్నాడు. గబగబా ఇంగ్లీషులోకి దూకి "కాక్సిక్స్" అన్నాను.

"అంటే?"

బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన నోరు. ఊరుకుంటుందా? పాతకాలం గ్రీకువాళ్లు కోకిలజాతి పిట్టని కొక్కిక్స్ అనేవాళ్లమ్మా, ఈ ఎముక ఆ పిట్ట ముక్కు మాదిరి ఉంటుందని ఆ పేరు పెట్టినారు అన్నాను. నమ్మినట్టు లేదు. మెడ కింద ఉండే క్లావికిల్ అంటే లాటిన్లో చిన్న తాళంచెవి అన్నాను. మజిల్ అంటే చిట్టెలుక, జబ్బ బిగిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టు ఉంటుంది చూడు అని చెయ్యి మడిచి చూపించినాను కూడా. (నా జబ్బలో ఎలుక ఎప్పుడో చచ్చిపోయింది. అది వేరే సంగతి.) ఇవి కంటితో చూసి పెట్టిన పేర్లు, సరదాకి పెట్టినవీ ఉన్నాయి, పరమాణువు లోపలి బుల్లి కణానికి భౌతికశాస్త్రవేత్త గెల్‌మన్ పెట్టిన 'క్వార్క్' అనే పేరుకు స్పెల్లింగు జేమ్స్ జాయిస్ నవల్లోంచి... "సార్, వెనక జనం ఉండారు" అనింది.

ఆ పిల్ల కంప్యూటర్లో నొప్పుల పట్టీ ఒకటి ఉంది. తల, గొంతు, కడుపు, మోకాలు, కాటు. నడుముకీ మోకాలికీ మధ్య మనిషికి ఏమీ ఉండదని ఏ మహానుభావుడు తేల్చినాడో! టకటకా ఏదో కొట్టి చీటీ చేతిలో పెట్టింది.

ఏడో గదిలో నర్సమ్మ సూది సిద్ధం చేస్తా ఉంది. "కుక్క కరిచిందా, కోతి కరిచిందా సార్?"

"రెండూ కాదు తల్లీ."

చీటీ చూసింది. "కోకిల అని ఉండాదే! పొడిచిందా, గీరిందా?"

"పిట్ట లేదమ్మా, ఎముక..."

"సరే, యాడ పొడిచిందో చూపియ్యండి."

ఆ గదికి తలుపుంది, అది మూసుకోదు. తెర అసలే లేదు. బయట బెంచీ మీదినుంచి పిల్లోడు లేచి నిలబడినాడు.

"అవ్వా, రా రా, తోక చూపిస్తాడంట!"