పొయ్యిగట్టు లేని ఊళ్లో పొయ్యిగట్టు గడియారం

బెజవాడలో ఫ్లాటు కొని, ఈఎంఐలు కడుతూ, హాల్లో పాతకాలపు మాంటెల్ క్లాక్ లేకుండా బతుకుతున్న కుటుంబాల గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇక నేనే పట్టించుకోవాలి.

చలిదేశాల్లో ముందుగదిలో చలిమంట వేసుకునే పొయ్యి ఉంటుంది కదా, దాని పైనున్న గట్టే మాంటెల్. మన ఇళ్లలో ఆ పొయ్యి ఎక్కడుందని కొందరు నిరుత్సాహపరుస్తారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు మనది. అప్పుడు ఇల్లంతా పొయ్యే కాబట్టి, ఫ్రిజ్ మీద పెట్టినా టీవీ స్టాండ్ మీద పెట్టినా శాస్త్రప్రకారం అది పొయ్యిగట్టే. మరి ఎండకి గడియారం వెనకబడదా? పడుతుంది. లోలకం కడ్డీ వేడికి సాగితే ఊగడం నెమ్మదిస్తుంది. ఉక్కు కడ్డీ అయితే వేడి 20 డిగ్రీలు పెరిగితే రోజుకి దాదాపు 10 సెకన్లు పోతాయి. ఆరున్నరకి రిసెప్షన్ అని కార్డు కొట్టించి ఎనిమిదిన్నరకి స్టేజీ ఎక్కే ఊళ్లో ఈ 10 సెకన్లకి టెన్షన్ పడటం అన్యాయం.

ఎంపికలో చూడాల్సింది టైము కాదు, వంశం. టైము సెల్‌ఫోన్లో ఉంది.

అమెరికావాళ్ల సేథ్ థామస్ కంపెనీ గడియారాల్లో కొన్ని నల్లటి పాలరాయిలా నిగనిగలాడతాయి. లోపలుండేది చెక్క. పైన సెల్యులాయిడ్ పొర అతికించి, 1880ల నుంచి ‘అడమంటైన్’ అన్న పేరుతో అమ్మారు. సెల్యులాయిడ్ అంటే అగ్గిపుల్ల దగ్గరికొస్తే భగ్గుమనేది. దాన్ని తీసుకెళ్లి చలిమంట పైన పెట్టుకోమన్నారు. అంత గుండె ధైర్యమున్నవాళ్ల సరుకు మన ఇంట్లో ఉండటం మర్యాద. మధ్యలో ఉబ్బి రెండు పక్కలా వాలిన నెపోలియన్ టోపీ రకం ఇంకోటి. ముఖం మీద కీ ఇచ్చే కన్నాలు లెక్కపెట్టండి. రెండుంటే ఒకటి నడవడానికి, ఒకటి గంటలు కొట్టడానికి. మూడుంటే పావుగంటకోసారి పాట కూడా పాడుతుంది. పక్క ఫ్లాటువాళ్లతో మాటలున్నాయో లేదో చూసుకుని కొనండి.

నాది వన్‌టౌన్‌లో ఒక పాత సామాన్ల కొట్లో దొరికింది. “బందరు దొరగారి బంగళాలోది సార్, అంతా ఒరిజినల్” అన్నాడు కొట్టతను. ఆ బంగళాలో ఎన్ని గదులుండేవో గానీ, మా అపార్ట్‌మెంట్‌లోనే మూడు ఇళ్లలో దాని గడియారాలున్నాయి.

వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన దాని వెనక తలుపు తీసి, కంటికి అద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. “పెట్టె ఒకళ్లది, మిషను ఇంకొకళ్లది” అన్నాడు. ఈ వ్యాపారంలో దీన్ని ‘మ్యారేజ్’ అంటారు. జాతకాలు చూడకుండా చేసిన పెళ్లి. అయినా నేను అదృష్టవంతుణ్ణే. కొన్నిటికి మిషను మొత్తం పీకేసి, పెన్సిల్ సెల్ మీద నడిచే ప్లాస్టిక్ డబ్బా పెడతారు. వెనక తలుపు తీయనివ్వకపోతే దండం పెట్టి వచ్చేయండి.

ఇంటికి తెచ్చాక అది కుంటింది. టిక్... టాక్‌టిక్... టాక్‌టిక్. రెండు చప్పుళ్ల మధ్య ఎడం సమానంగా లేకపోతే కాసేపటికి ఆగిపోతుంది. మా బావమరిది పెళ్లి శుభలేఖని నాలుగు మడతలు పెట్టి ఎడమ కాలి కింద దోపాను. పసుపు రాసిన ఆ మూల ఇప్పటికీ బయటికి కనిపిస్తుంది. తీస్తే ఆగిపోతుంది. అత్తింటివారి సాయం లేకుండా మా ఇంట్లో కాలం నడవదని మా ఆవిడ దగ్గర ఒప్పుకున్నాను.

ఆదివారం ఆదివారం కీ ఇవ్వాలి, ఎనిమిది రోజులు నడుస్తుంది. గంటలు కొట్టే గడియారం ముల్లుని వెనక్కి తిప్పకూడదు. నేను తిప్పాను. అప్పట్నుంచీ చూపించే గంటకీ కొట్టే గంటకీ పొత్తు కుదరడం లేదు.

మొన్న పై ఫ్లాటాయన వచ్చి “ఎక్కడిదండీ?” అన్నాడు. “మా తాతగారిది” అన్నాను, ఎప్పుడూ చెప్పేదే. తెనాలి నుంచి వచ్చిన మా పెదనాన్న అక్కడే కాఫీ తాగుతున్నాడన్న సంగతి మర్చిపోయాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

“మా నాన్నకి గడియారమెందుకురా? మద్రాసు మెయిల్ కూత వింటే లేచేవాడు. అరుగు మీద ఎండ మూడో బండ దాటితే అన్నానికొచ్చేవాడు.”

సరిగ్గా అప్పుడే గడియారంలో నాలుగైంది. పదకొండు కొట్టింది. పెదనాన్న పదకొండూ ఓపిగ్గా వేళ్ల మీద లెక్కపెట్టాడు.

“ఇది మీ తాతది కాదురా, నీదే. మొహం ఒకటి చెప్తుంటే నోరొకటి చెప్తోంది.”