గ్రాంటు లెక్కలో విద్యార్థి ఎక్కడ?

2025 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఉస్మానియా యూనివర్సిటీకి వెయ్యి కోట్లు ప్రకటించింది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్వయంగా ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పారు. 1918లో మొదలైన విద్యాసంస్థ అది. హాస్టళ్లకు, ల్యాబులకు ఆ డబ్బు అవసరమే, ఇవ్వొద్దని అనాల్సిన పని ఎవరికీ లేదు. కానీ హనుమకొండలోని కాకతీయ, కరీంనగర్‌లోని శాతవాహన, డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీల్లో చదివే పిల్లలు, పాఠాలు చెప్పేవాళ్లు ‘మరి మా సంగతేంటి’ అని అడిగితే తప్పు పట్టలేం.

ఈ ప్రశ్నను హైదరాబాద్‌కు, జిల్లాలకు మధ్య పోటీగా చూస్తే అసలు విషయం పక్కకు పోతుంది. ఏ యూనివర్సిటీకి ఎంత ఇవ్వాలో, ఎందుకు అంతే ఇవ్వాలో చెప్పే లెక్క ఏదీ జనం ముందు లేదు. అసమానత అక్కడే మొదలవుతోంది.

2024 జులైలో ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క పెట్టిన బడ్జెట్‌నే చూడండి. యూనివర్సిటీల్లో వసతుల కోసం 500 కోట్లు ప్రతిపాదించారు. అందులో ఉస్మానియాకు 100 కోట్లు, కోఠిలోని మహిళా యూనివర్సిటీకి మరో 100 కోట్లు. కాకతీయతో సహా మిగతావాటికి అన్నిటికీ కలిపి మిగిలిన డబ్బు. రాజధానిలోని రెండింటికీ పేరు పక్కన అంకె ఉంది. జిల్లాల్లోని వాటికి ‘మిగతా’ అన్న ముద్ర ఉంది. పేరు పక్కన అంకె ఉంటే వైస్ చాన్స్‌లర్ (వీసీ) వెళ్లి ‘నా వంద కోట్లు ఏవి’ అని అడగగలడు. ‘మిగతా’లో కలిసిపోయినవాడు ఏమని అడుగుతాడు? బడ్జెట్‌లో చూపినదంతా ఏడాది తిరిగేలోపు చేతికి రాదని సచివాలయం మెట్లెక్కిన ప్రతి రిజిస్ట్రార్‌కూ తెలుసు. కాబట్టి అడగగలగడమే సగం బలం.

ఇవి భవనాలకు ఇచ్చే డబ్బులు. రోజువారీ బతుకంతా బ్లాక్ గ్రాంటు మీద ఉంటుంది. ప్రభుత్వం ఏటా విడతలవారీగా ఇచ్చే ఈ డబ్బు ప్రధానంగా జీతాలకు, పింఛన్లకు పోతుంది. నిరుడు ఎంత ఇచ్చారో చూసి దాని మీద కొంచెం పెంచడమో, అంతే ఉంచడమో జరుగుతుంది. ఎంతమంది విద్యార్థులున్నారు, వాళ్లలో ఎందరు ఆడపిల్లలు, ఎందరు గిరిజనులు, ఎంత దూరం నుంచి వస్తున్నారు అన్నవి ఈ అంకెను కదిలించవు.

డబ్బు విద్యార్థుల వెంట కాక పోస్టుల వెంట నడిస్తే ఏం జరుగుతుందో కాకతీయను చూస్తే అర్థమవుతుంది. 1967లో ఉస్మానియా పీజీ సెంటర్‌గా మొదలై, 1976 ఆగస్టు 19న యూనివర్సిటీ అయింది. తొలి రెండు దశాబ్దాల్లో చేరిన అధ్యాపకులు, సిబ్బంది దాదాపు అందరూ రిటైరయ్యారు. వాళ్లంతా యూనివర్సిటీ ఖాతా నుంచే నెలనెలా అందే పాత పింఛను కింద ఉన్నవాళ్లు. ఖాళీ అయిన పోస్టులు మాత్రం నిండలేదు. పనిచేసేవాళ్లు తగ్గుతూ, పింఛనుదారులు పెరుగుతూ వచ్చారు. దీంతో గ్రాంటులో పాఠం చెప్పే మనిషి వాటా ఏటికేడు కుంచించుకుపోయింది. చాలని భాగాన్ని యూనివర్సిటీ తన సొంత రాబడి నుంచి పూడ్చుకోవాలి. కాంట్రాక్ట్, పార్ట్‌టైం లెక్చరర్ల జీతాల భారం కూడా చాలావరకు ఆ రాబడి మీదే పడుతుంది.

శాతవాహన కథ ఇంకో రకం. అది 2008లో పుట్టింది. 2004 సెప్టెంబర్ తర్వాత చేరిన ఉద్యోగులు కాంట్రిబ్యూటరీ పింఛను (ఉద్యోగంలో ఉండగానే నెలనెలా వాటా జమయ్యే పద్ధతి) కిందికి వస్తారు కాబట్టి పాత పింఛన్ల బరువు దానికి పెద్దగా లేదు. కానీ మంజూరైన పోస్టులే కొద్ది, కాబట్టి గ్రాంటూ కొద్ది. మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీదీ ఇదే పరిస్థితి. పాతదేమో పింఛన్ల కింద నలిగిపోతోంది, కొత్తదేమో ఎదగకుండానే ఆగిపోయింది. పుట్టిన సంవత్సరమే ఒక యూనివర్సిటీ తలరాతను రాస్తోంది.

సొంత రాబడి ఎక్కడి నుంచి వస్తుంది? పరీక్ష ఫీజులు, అనుబంధ కాలేజీలు కట్టే అఫిలియేషన్ ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, దూరవిద్య. హైదరాబాద్ జేఎన్టీయూకు రాష్ట్రమంతటా ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, వాటి నుంచి ఫీజులొస్తాయి. కాకతీయ కింద ఉన్నవి ఎక్కువగా డిగ్రీ, బీఈడీ కాలేజీలు. శాతవాహన ఏర్పడ్డాక కరీంనగర్ ప్రాంతం విడిపోయింది. మెడికల్ కాలేజీలు వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ చూసుకుంటోంది. ఒకప్పుడు కాకతీయకు మంచి ఆదాయం తెచ్చిన దూరవిద్య కూడా, యూనివర్సిటీ పరిధి దాటి సెంటర్లు నడపొద్దని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ ఆంక్షలు పెట్టాక తగ్గిపోయింది. డిగ్రీలో ఏటా దోస్త్ (ఆన్‌లైన్ ప్రవేశాల) కౌన్సెలింగ్ అయిపోయాక కూడా వేల సీట్లు మిగిలిపోతున్నాయి. ఇక మిగిలింది పరీక్ష ఫీజు. ఆసిఫాబాద్‌లోనో, ఉట్నూరులోనో, మహబూబాబాద్ తండాలోనో ఇంటికి మొదటి డిగ్రీ చదువుతున్న పిల్ల కట్టే ఫీజు అది. సర్టిఫికెట్ పని పడితే కాగజ్‌నగర్‌లో రైలెక్కి కాజీపేటలో దిగి హనుమకొండ దాకా రావాల్సింది కూడా ఆ పిల్లే. ప్రభుత్వం తగ్గించిన రూపాయిని ఎవరో ఒకరు కట్టాలి. ఆ కట్టేవాళ్లు రాష్ట్రంలో అందరికంటే తక్కువ ఉన్నవాళ్లు. నాకు కోపం తెప్పించేది ఇదే.

హాస్టల్ మెస్ ఖాతా తెరిచి చూస్తే ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభుత్వం 2024లో కాలేజీ హాస్టళ్ల మెస్ చార్జీలను నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. మంచి పనే. అయినా రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, రెండు పూటల అన్నం, కూర, పప్పు, వారానికి ఓ రోజు చికెన్, వంటవాళ్ల ఖర్చు, గ్యాస్ అన్నీ చూసుకుంటే బిల్లు అంతకు మించిపోతుంది. మించినది విద్యార్థి ఖాతాలో బకాయిగా పడుతుంది. స్కాలర్‌షిప్ వస్తే కట్టొచ్చు అనుకుంటాడు. అది నెలల తరబడి రాదు. పరీక్షలు దగ్గరపడతాయి, డ్యూస్ క్లియర్ చేస్తే తప్ప పని ముందుకు కదలదు. ఇంటికి ఫోన్ పోతుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. తండ్రి వడ్డీకి తెచ్చి పంపుతాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి అని పేపర్లో ఒక్క ముక్కలో రాసేదాని వెనక ఉన్నది ఈ అప్పు.

తరగతి గదిలోకి పోదాం. తెలంగాణ వచ్చాక రాష్ట్రంలోని సంప్రదాయ యూనివర్సిటీల్లో రెగ్యులర్ అధ్యాపకుల భర్తీ జరగలేదు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు కోసం అసెంబ్లీ బిల్లు చేస్తే అది గవర్నర్ దగ్గర ఆగి, తర్వాత రాష్ట్రపతికి పోయింది. మూడింట రెండొంతులకు పైగా పోస్టులు ఖాళీ. యూజీసీ నిబంధన ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒక సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే పీహెచ్‌డీ గైడ్‌గా ఉండగలరు. ఒక్క ప్రొఫెసర్ మిగిలిన డిపార్ట్‌మెంట్‌లో ఆ ఎనిమిది సీట్లు నిండితే పరిశోధన తలుపు మూసుకున్నట్టే. ఆయన రిటైరైతే ఆ స్కాలర్లు గైడ్ కోసం వెతుక్కోవాలి. అధ్యాపకులు లేరు కాబట్టి పరిశోధన లేదు, పరిశోధన లేదు కాబట్టి ర్యాంకు రాదు, ర్యాంకూ గ్రేడూ లేకపోతే కేంద్ర పథకాల్లో పెద్ద మొత్తాలు రావు. రాష్ట్రం తన వాటా ఎగ్గొడితే కేంద్రం వాటా కూడా పోతుంది. ఉన్నత విద్యకు నిధులిచ్చే రూసా లాంటి కేంద్ర పథకాల్లో ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలన్న నిబంధన ఉన్నదే కదా.

ఆచార్య జయశంకర్ 1991 నుంచి 1994 దాకా కాకతీయ వీసీగా ఉన్నారు. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అని ఈ క్యాంపస్ పిల్లలు రోడ్డెక్కి లాఠీలు తిన్నారు. ఆ మూడింటిలో రెండు వాళ్ల యూనివర్సిటీకే అందలేదు.

ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని దాటేయలేం. జిల్లా యూనివర్సిటీల్లో పాలన సరిగా లేదు, డబ్బిస్తే ఏమవుతుందో నమ్మకం లేదు అంటారు. నిజమే, 2023 జూన్‌లో తెలంగాణ యూనివర్సిటీ వీసీనే లంచం కేసులో ఏసీబీ అరెస్టు చేసింది. దానికి శిక్ష ఉండాల్సిందే, ఆడిట్ గట్టిగా ఉండాల్సిందే. కానీ ఆ పాలనను నిలబెట్టాల్సిన బాధ్యత ఎవరిది? 2019 నుంచి 2021 మే దాకా చాలా యూనివర్సిటీలను ఇన్‌ఛార్జి ఐఏఎస్‌లతో నెట్టుకొచ్చారు. 2024లో మళ్లీ కొన్ని నెలలు అంతే. తల లేని సంస్థలో క్రమశిక్షణ లేదని నిధులు ఆపడం న్యాయం కాదు.

ములుగులో కేంద్ర గిరిజన యూనివర్సిటీ వస్తోంది కదా అనేవాళ్లూ ఉన్నారు. సమ్మక్క సారక్క యూనివర్సిటీకి కేంద్ర కేబినెట్ 2023లో 889.07 కోట్లకు ఆమోదం తెలిపింది. సంతోషమే. అది వచ్చినంత మాత్రాన మంచిర్యాల, భూపాలపల్లి డిగ్రీ పిల్లల పరీక్ష ఫీజు తగ్గదు.

చేయాల్సిన వాటిలో ముందుగా పింఛన్లు. యూనివర్సిటీ ఖాతా నుంచి వాటిని తీసేసి ప్రభుత్వ ఉద్యోగుల మాదిరి నేరుగా ట్రెజరీ నుంచి ఇవ్వాలి. అప్పుడు గ్రాంటు మీద ఉన్న తెర తొలగి, చదువుకు ఎంత పోతోందో కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కో విద్యార్థికి కనీసం ఇంత అని ఒక మొత్తం ఖరారు చేసి, గిరిజన ప్రాంతాలకు, హాస్టల్లో ఉండేవాళ్లకు దాని మీద అదనం కలపాలి. ఆ సూత్రాన్ని బడ్జెట్ పత్రాల్లోనే అచ్చు వేయాలి. ఉస్మానియాకు ఆ లెక్కలో ఎక్కువ వస్తే రానివ్వండి, కారణం తెలుస్తుంది.

కాకతీయకు 2026తో యాభై ఏళ్లు. ఉత్సవాలకు వచ్చే మంత్రుల దగ్గర, ఉమ్మడి వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాల ఎమ్మెల్యేల దగ్గర మన విద్యార్థి సంఘాలు, అధ్యాపక సంఘాలు రాతపూర్వకంగా అడగాల్సిన లెక్కలు మూడు: గత ఐదేళ్లలో ఒక్కో యూనివర్సిటీకి బడ్జెట్‌లో చూపింది ఎంత, విడుదల చేసింది ఎంత, ఆ విడుదలైనదాన్ని విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే తలకు వచ్చింది ఎంత. అసెంబ్లీలో ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఈ మూడూ జవాబుగా రావాలి.