మహారాజశ్రీ స్పినేకర్ గారికి, బరంపురం బట్టల కొట్టు నుంచి

మహారాజశ్రీ స్పినేకర్ గారి సముఖానికి, విధేయుడు రాసుకునేది.

ఉత్తరాన్ని ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా నాన్న నేర్పిన పద్ధతి. ఈసారి ఆ ఉభయుల్లో ఎవరూ కుశలంగా లేరు. తమరు, అంటే గాలి వెనక నుంచి వీచేటప్పుడు పడవ ముందు ఎగరేసే పెద్ద తెరచాప, మా మేడ మీద తీగకు తడిసి ముద్దై వేలాడుతున్నారు. నేను కింద కొట్లో కూర్చుని, తాడు కోసిన అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నాను. పెన్ను సరిగా పట్టు దొరకడం లేదు. అక్షరాలు వంకరపోతే క్షమించగలరు.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మాది పట్టు నేసిన ఇల్లు. మగ్గం పోయింది, కొట్టు మిగిలింది. 32 ఏళ్ళుగా చీరలు విప్పడం, మళ్ళీ మడతపెట్టడం, ఇదే నా బతుకు. పెళ్ళివారు వస్తే నలభై విప్పిస్తారు, ఒకటి కొంటారు, ఒక్కోసారి "మళ్ళీ వస్తాం" అని అదీ కొనరు. మిగిలినవన్నీ అంచుకు అంచు కలిపి, కొంగు పైకి వచ్చేలా, బేరం నడుపుతూనే, కళ్ళు ఇటు తిప్పకుండా మడతపెట్టేస్తాను. గుడ్డ అన్నది ఏదైనా నా చేతికి లొంగాల్సిందే అని ఒక పొగరు ఉండేది. తమరు సరిగ్గా దాని మీదికే వచ్చారు.

తెచ్చింది మా బావ. ఉద్యోగమంతా ఓడల్లో ఇంజన్ గదిలో చేశాడు. రిటైరయ్యాక గాలి మీద మోజు పుట్టింది. విశాఖలో ఎవరో అమ్ముతుంటే 22 అడుగుల పాత క్రూజర్ పడవ కొని, లారీకెక్కించి 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా చిలిక సరస్సు ఒడ్డున ఉన్న రంభకు తెచ్చాడు. అడుగున నీళ్ళలోకి దిగి ఉండే రెక్కను, అంటే కీల్‌ను, పైకి లేపుకునే రకం. చిలికకు అదే సరి. ఆ సరస్సు వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకున్నా, చాలాచోట్ల మనిషి దిగి నిలబడితే నీళ్ళు గడ్డం దాకా రావు. మా రంభ వైపు దక్షిణ భాగం కాస్త నయం. పడవలో ఇద్దరు పడుకోవడానికి బల్లలు, టీ కాచుకునే స్టవ్వు ఉన్నాయి. తమరు ఒక సంచిలో దాంతోపాటు ఊరికే వచ్చారు. ఊరికే ఎందుకిచ్చారా అని అప్పుడే అనుమానించాల్సింది.

తమ పేరు గురించి కూడా విన్నాను. 1860లలో ఇంగ్లండులో స్ఫింక్స్ అనే పందెం పడవ ఇలాంటి చాప ఎగరేస్తే, ఆ పేరే నావికుల నోట్లో నలిగి నలిగి ఇలా అయిందని ఒక కథ. నిజమైతే మనం ఒక బాపతే. మా ఊరు కూడా తెలుగు నోట్లో బరంపురం, ఇంగ్లీషు నోట్లో బెర్హంపూర్, ఒడియా బోర్డుల మీద బ్రహ్మపుర.

సంచి విప్పిన రోజు ముందుగా చేసిన పని తమరిని వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూడటం. అలవాటు. నైలాన్. చిన్న చిన్న గళ్ళుగా లావు పోగు వేసి నేశారు. ఒకచోట చిరిగితే ఆ గడి దాకా వెళ్ళి ఆగుతుంది. నేతగాడి బుర్ర అది, ఒప్పుకుంటాను. కొలిస్తే ఆరు చీరల గుడ్డ. తూస్తే కిలోన్నర, అంటే జరీ బాగా పోసిన పెళ్ళి చీరలు రెండు. ఎడమ అంచుకు ఎరుపు టేపు, కుడి అంచుకు ఆకుపచ్చ. ముచ్చటపడి, మేడ మీద పరిచి, అంచుకు అంచు కలిపి, నలుగురూ మెచ్చేలా మడతపెట్టి బావకు ఇచ్చాను.

బావ నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. "దీన్ని మడతపెట్టరు రా, కుక్కుతారు."

కుక్కడం! పైకొస దగ్గర మొదలుపెట్టి ఒక అంచును కిందికొస దాకా చేత్తో తడుముకుంటూ పోవాలట. తర్వాత రెండో అంచు. ఎక్కడా మెలిక లేదని తేలాక, నడుమ గుడ్డంతా పాత చీరలు మూటగట్టినట్టు సంచిలో దోపేసి, మూడు మూలలు మాత్రం పైన కనపడేలా ఉంచాలట. మెలిక ఒక్కటి మిగిలినా పైకెక్కాక నడుమ దగ్గర బిగుసుకుని, పైనొక బుడగ, కిందొక బుడగ. ఇసుక గడియారంలా ఊగుతారట తమరు. 32 ఏళ్ళు నేర్చిన విద్యలో పనికొచ్చింది అంచు తడమడం ఒక్కటే. మడత విద్య మొత్తం చిలికలో కలిసింది.

నేర్చుకుందామని మేడ మీద నీళ్ళ ట్యాంకు పైపుకు తమరిని కట్టి ఎగరేశాం కూడా. మధ్యాహ్నం దక్షిణపు గాలి తిరగ్గానే ట్యాంకు మూత ఎగిరి పక్కింట్లో పడింది. పక్కింటాయన బయటికొచ్చి, పైకి చూసి, "ఏటి నానా, ఠాకురాణి యాత్ర పందిరా? అది రెండేళ్ళకోసారి కదా, ఈ ఏడు లేదే!" అన్నాడు. మా ఊరి అమ్మవారి జాతర అది.

ఇక తమ పరివారం. మామూలు తెరచాపకు ఒక కొయ్య, రెండు తాళ్ళు చాలు. తమరికి తలను పైకి లాగడానికి హాల్యార్డ్ అనే తాడు. గాలి వచ్చే వైపు మూలను పట్టుకోవడానికి మాస్టుకు, అంటే చాపలు కట్టే నిలువు స్తంభానికి, అడ్డంగా ఒక వాసం. ఆ వాసం కిందికి జారకుండా పైన ఒక తాడు, పైకి ఎగరకుండా కింద ఇంకో తాడు. వాసం చివర నుంచి వెళ్ళే తాడు గై, అవతలి మూలది షీట్. సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడికి కూడా ఇంతమంది ఉండరు. పైగా గాలిని వెనక ఒక వైపు నుంచి రెండో వైపుకు మార్చుకుంటే వాసం ఈ మూల నుంచి ఆ మూలకు మారుతుంది, దాంతో గై షీట్ అవుతుంది, షీట్ గై అవుతుంది. తాడు అదే, పేరు వేరు. ఇది మాత్రం నాకు ఇట్టే అర్థమైంది. మా ఇళ్ళల్లో మేనరికాలు. పెళ్ళికి ముందు రోజు దాకా మేనమామ, మర్నాడు మామగారు.

వాసాన్ని గాలికి అడ్డంగా నిలబెట్టాలి. కింది మూలలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. షీట్‌ను వదులుతూ వదులుతూ పోయి, గాలివైపు అంచు కొద్దిగా ముడుచుకోగానే కొంచెం లాగాలి. మళ్ళీ వదలాలి, మళ్ళీ లాగాలి. దీనికి అంతం లేదు. మెడ ఎత్తి తమ అంచునే చూస్తూ ఉండాలి. నా పెళ్ళిలో కూడా నేను ఎవరినీ అంతసేపు చూడలేదు.

సరే, ఆదివారం సంగతి. గాలి 12 నాట్లు, అంటే గంటకు సుమారు 22 కిలోమీటర్లు, ఉంటుంది. పెద్ద చాప చాటున తమరిని పైకి లాగాం. టప్‌మని ఒక చప్పుడు, అంతే, నిండు గర్భిణిలా విచ్చుకున్నారు. అబద్ధమెందుకు, ఆ నిమిషం నాకు కళ్ళు చెమర్చాయి. పడవ ఐదు నాట్ల మీద పోతోంది. గాలి వెనక నుంచి కాబట్టి పడవలో మాకు తగిలేది ఏడే. చెమట పడుతోంది. బావ చొక్కా విప్పి "టీ పెట్టు" అన్నాడు.

అక్కడే ఉంది తమ మోసం. ఏడు నాట్లు అనుకుని బావ పడవను గాలివైపు తిప్పాడు. తిప్పగానే దాక్కున్న గాలి బయటపడింది, మా వేగం కూడా దాని వైపే చేరింది. ఏడు కాస్తా పదిహేను. గాలి రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. పడవ పక్కకు వాలింది, చుక్కాని నీళ్ళలోంచి లేచింది, స్టవ్వు మీద గిన్నె గోడెక్కింది. "షీట్ వదిలెయ్!" అని బావ అరిచాడు. వదిలేశాను. తాడు జర్రున పోయి పోయి, చివర్లో కప్పీ దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నీకు తెలుసు.

అవును, నువ్వే. కలిసి నీళ్ళలో పడ్డాక ఇంకా తమరేమిటి?

ఆ తర్వాత మమ్మల్ని తీసుకెళ్ళి రొయ్యల ఘేరీలో పెట్టావు. చిలిక తెలిసినవాళ్ళకు ఘేరీ అంటే చెప్పక్కర్లేదు, వెదురు గెడలు పాతి వల చుట్టిన దడి. సరస్సులో అవి ఉండకూడదని సర్కారు పీకేస్తూ ఉంటుంది, మళ్ళీ మొలుస్తూ ఉంటాయి. మూడు గెడలు విరిచి నాలుగో దాని దగ్గర ఆగాం. బావ కంగారులో హాల్యార్డ్ మొత్తం ఒక్కసారి వదిలేశాడు. కొంచెం కొంచెంగా వదులుతూ, నిన్ను పెద్ద చాప చాటుకు లాక్కుని, ఒళ్ళోకి పోగు చేసుకుంటూ దింపాలి. అది ఇద్దరికీ తెలుసు. నువ్వు నీళ్ళలో పరుచుకుని, నాచు, ఒక చెప్పు, బోలెడు పిల్లచేపలను నింపుకున్నావు.

నీలం టార్పాలిన్ చాప కట్టిన పడవలో ఒక ముసలాయన వచ్చాడు. నోలియా జాలరి, మన భాషే. మమ్మల్ని చూశాడు, నిన్ను చూశాడు. నిన్ను ఒక మూల పట్టి ఎత్తి, వేళ్ళ మధ్య నలిపాడు, సరిగ్గా నేను నలిపినట్టే.

"ఇదేటి బాబూ, జీరో వలా? కన్నే నేదు. ఇది చూస్తే సర్కారోళ్ళు ఒప్పరు, పట్టుకుపోతారు."

జీరో వల అంటే కన్నాలు మరీ సన్నవి, సర్కారు వద్దన్న వల. కాదు, చాప అని చెప్పాం. ఆయన తన టార్పాలిన్ వంక చూశాడు. దానికి ఉన్నవి రెండే తాళ్ళు, అందులో ఒకటి కాలి బొటనవేలికి చుట్టి ఉంది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. మమ్మల్ని ఒడ్డు దాకా లాగాడు. విరిగిన గెడలు తన బావమరిదివట, వాటికి డబ్బు తీసుకున్నాడు. లాగినందుకు తీసుకోలేదు.

నిన్ను మంచినీళ్ళలో మూడుసార్లు జాడించాను. తడి మీద ఉంచితే నీ ఎరుపు తెలుపులోకి దిగుతుందని బావ చెప్పాడు. అప్పటికే దిగింది. పొద్దున ఒక పెద్దావిడ మనవరాలి పెళ్ళికని వచ్చి, నలభై విప్పించి, మెట్ల మీద నుంచి పైకి చూసి, "ఆ మేడ మీది రకం ఎంత బాబూ? రంగు దిగదు కదా?" అని అడిగింది. "అది అమ్మేది కాదమ్మా" అన్నాను. "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయింది.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. నిన్ను పై నుంచి కప్పేసే పొడుగాటి గొట్టం లాంటి తొడుగు ఒకటి ఉంటుంది, ఇద్దరే ఉన్న పడవలకు అదే మంచిదట. నెల కిందట అది పిరికివాళ్ళ పని అన్న బావ నిన్న రాత్రి ఆర్డర్ పెట్టాడు.

ఇట్లు,
నీ అంచులు తడిమేవాడు

తా.క.: తాడు నానిపోయి కప్పీలో ఇరుక్కుందని బావ అనుకుంటున్నాడు. చిన్నప్పుడు పోగు కొస ముడి వేయకుండా వదిలితే అమ్మ మొట్టేది. ఆ చేతులతోనే నీ షీట్ల చివర ముడులు వేశాను. వద్దన్నాక వేశాను. ప్రమాదం వస్తే తాడు మొత్తం జారిపోవాలి, అందుకే నీ తాళ్ళ చివర ముడి ఉండకూడదని బావ రెండుసార్లు చెప్పాడు. రాత్రి రెండూ విప్పేశాను. ఆయనతో అనకు.